పనికి పోవు తల్లి - పసిబిడ్డ పాలు



ప్రసంగవిషయము వినగానే, ఇది ఆడువారి ముచ్చట గదా, మాకేల యని లేచిపోవలదు. కోడలు కాన్పయిన పిమ్మట మరల పనికెన్నడు పోవలెనో, ఆ వేళ బిడ్డ యెవరియొద్ద నుండవలెనో నిర్ణయించునది ఇంటి పెద్దలే. కావుననే మీతో మనవి చేయుచున్నాను.

మన కర్నూలు, కడప సీమలలో వేరుసెనగ పెరుకుటకును, ప్రత్తి తీయుటకును, బేతంచెర్ల నాపరాళ్ల పనికిని స్త్రీలు పోవుదురు. ఆదోని, కోసిగి ప్రాంతములవారు గుంటూరు మిరపకోతలకు వలసపోవుదురు. పట్టణములలో ఉపాధ్యాయినులు, నర్సులు కలరు. ఉద్యోగినులకు ప్రసూతి సెలవును 2017లో 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. కూలితల్లికి ఆ సెలవెక్కడిది? పనిచోట ఆఱేండ్లలోపు పిల్లలు అయిదుగురుండిన, వారిని చూచుట కొక స్త్రీని నియమింపవలెనని 2005 ఉపాధి హామీ చట్టములో వ్రాసిరి. అది ఎన్ని యూళ్లలో జరిగెనో మీకే తెలియును.

కావున తల్లి రెండు మూడు నెలలకే కొడవలి పట్టును. ఇంట బిడ్డకు డబ్బాపాలు, అవియు ఖర్చునకు జంకి నీళ్లెక్కువ పోసి, సీసాతో పట్టుదురు. నీరు మంచిది కాదు, పాలపీక సరిగా శుభ్రపడదు. విరేచనములు పట్టుకొని బిడ్డ చిక్కిపోవును. ఇటు తల్లికి పాలు గట్టి రొమ్ము సలుపును. పాలు తీయకున్న కొలది పుట్టుటయు తగ్గును. ఎంత తీసిన అంత ఊరుట చనుబాల స్వభావము.

దీనికి ఉపాయము, పాలు పిండి బిడ్డకు దాచియుంచుట. ఉద్యోగినులు కొందఱు చేతిపంపు వాడుదురు. లేనివారికి చేయి చాలును. పనికి పోవుటకు రెండు వారములు ముందే అలవాటు చేయవలెను. ఉదయము బిడ్డ త్రాగిన పిమ్మట, చేతులు సబ్బుతో కడిగికొని, బొటనవ్రేలు, చూపుడువ్రేలు నల్లని వలయమునకు వెనుకగా ఉంచి, లోపలికి ఒత్తి, మెల్లగా ముందునకు నొక్కవలెను. మొదటి దినములలో నాలుగు చుక్కలే వచ్చిన బెంగపడరాదు. మిరపకాయలు కోసిన చేతులైనచో మఱి మఱి కడుగవలెను. ఆ ఘాటు బిడ్డ నోటి కంటిన దాని బాధ వర్ణింపనేల!

పాలను నీట మరగించిన మూతగల స్టీలుగిన్నెలో పట్టవలెను. చల్లని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్జులోపలి భాగమున నాలుగు దినములు నిలుచును. ఎండ 40 డిగ్రీలు దాటు మన వేసవిలో ఆ నాలుగు గంటల గడువు చెల్లదు. తడికుండ ఫ్రిజ్జుకు సమము కాదు. అట్టి దినములలో పిండిన పాలను వెంటనే పట్టుటయో, బిడ్డనే మధ్యాహ్నము చేనికి కొనిపోవుటయో మేలు. మీగడ పైకి తేలిన చెడిపోయినవనుకొనరాదు. గిన్నెను మెల్లగా త్రిప్పిన కలిసిపోవును. పొయ్యిమీద కాచరాదు, వేడినీటిలో గిన్నె నుంచిన చాలును. పట్టుటకు మన ఉగ్గుగిన్నెను మించినది లేదు. సీసాల ప్రకటనలను 1992 చట్టము నిషేధించుట ఊరక జరుగలేదు. బిడ్డ త్రాగగా మిగిలిన పాలు మరల దాచరాదు.

ఎండలో పనిచేసి వచ్చిన తల్లి పాలు వేడిచేసినవని పెద్దలు కొందఱు పిండి పాఱబోయింతురు. పాలకు ఎండ సోకదు. ఆ పాలు అమృతమే. అటులే వేసవి యని ఆఱు నెలలలోపు బిడ్డకు నీళ్లు పోయుదురు. చనుబాలలోనే చాలినంత నీరున్నది.

పనిచోట తల్లి మూడు గంటల కొకమారు పాలు తీయవలెను. ఇందుకు చెట్టుచాటు, చీరతెర, పావుగంట తీరిక చాలును. మేస్త్రీతో ఆ మాట చెప్పగలవారు మీరే. రొమ్ము ఎఱ్ఱబడి గట్టిపడి జ్వరము వచ్చినచో పాలిచ్చుట మానక, ఆనాడే వైద్యునికి చూపవలెను.