రంగం ఉత్తరాలు

(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "మీ ఇరిగేషన్ అనుభవాలు ఏవైనా చెప్పండి" అన్నారు. ముప్పై ఏళ్ళు కాలవలు, తూములు, షట్టర్ల మధ్య గడిపాను. భోజనాల ముందు వాటి గురించి వినే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని ఈ మూడేళ్ళుగా సెలవు రోజుల్లో నేను పెట్టుకున్న ఇంకో పని గురించి చెబుతాను. మా ఇంటి పాత ఉత్తరాలు చదవడం ఆ పని.

మీలో నలభై దాటినవాళ్ళకు ఉత్తరాల తీగ గుర్తుండే ఉంటుంది. గోడకు వేలాడుతూ, కొస వంచిన ఇనప తీగ. వచ్చిన కార్డునల్లా దానికి గుచ్చేవారు. మా ఊరి ఇల్లు విప్పుతున్నప్పుడు అటక మీద అలాంటి తీగలు మూడు దొరికాయి. ఒకటి పూర్తిగా తుప్పు పట్టింది. మిగతా రెండింటి మీద దాదాపు రెండు వందల కార్డులు, కవర్లు. కూలీలు చెత్తలో వేయబోతుంటే మా అత్త ఆపింది. చదువు రాని మనిషి, కానీ "అన్నీ మా నాన్న చేతిమీదుగా గుచ్చినవే, అలా పారేయకండ్రా" అంది.

వాటిలో ఎక్కువ భాగం రంగం ఉత్తరాలు. చిన్నవాళ్ళ కోసం చెబుతున్నాను, రంగం అంటే రంగూన్. మన శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి, గోదావరి జిల్లాల నుంచి వేలమంది రంగం వెళ్ళేవారు. కళింగపట్నం, బారువ, భీమిలి, విశాఖ, కాకినాడల్లో బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు ఆగేవి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళను కోరంగీలు అనేవారు. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి జట్టుగా తీసుకెళ్ళేవాడు. ఆ బాకీ తీరేదాకా అతని కిందే పని. హార్బరులో మూటలు, వరి మిల్లుల్లో బస్తాలు, రిక్షాలు, ఊడ్చే పని, అన్నీ మనవాళ్ళవే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. దానికి ముందు ఏడాది, 1930 మేలో, హార్బరు సమ్మె విషయంలో బర్మీయులకు, కోరంగీలకు పెద్ద గొడవలయ్యాయి, చాలామంది మనవాళ్ళు చనిపోయారు. మన బడి పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యంగా కూడా ఉన్నట్టు నాకు జ్ఞాపకం లేదు.

మా తాత అన్నగారు, మా పెదతాత, అలా వెళ్ళినవాడే. 1936లో ఆయన పంపిన మనియార్డర్లతో ఊళ్ళో ఎకరా ఎనభై సెంట్లు కొన్నారు. యుద్ధం వచ్చాక ఆయన కబురు లేదు. బాంబుల్లో పోయాడని కొందరు, నడిచి వస్తూ అడవిలో పోయాడని కొందరు అనేవారు. ఇంట్లో నేను పెరిగిన కథ అంతే. ఆయన భార్య, మా పెదమామ్మ, పిల్లల్లేని మనిషి. నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడు, 1979లో పోయింది. చివరి రోజు వరకు కాసంత బొట్టు పెట్టుకునే ఉంది.

ఇంక ఉత్తరాలు ఎలా చదవాలన్న సంగతి. ఇక్కడ మన తెలుగు మాస్టారి ఋణం ఒప్పుకోవాలి. ఎనిమిదో తరగతిలో లేఖారచనకు అయిదు మార్కులు. ఎవరికి ఏ సంబోధన రాయాలో బోర్డు మీద వరసగా రాసి బట్టీ పెట్టించారు. మ.రా.రా.శ్రీ అని ఎవరికి, చిరంజీవి అని ఎవరికి, చి.ల.సౌ. అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, గం.భా. అంటే గంగాభాగీరథీ సమానురాలు, భర్త పోయిన స్త్రీకి రాసేది. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు నా దగ్గరున్న అన్నిటికన్నా గట్టి ఆధారాలు ఆ రెండు అక్షరాల ముక్కలే. ఒక బంధువు పేరుకు ముందు ఒక ఏడాది చి.ల.సౌ. ఉండి, తర్వాతి ఏడాది గం.భా. అని ఉంటే, ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరినీ అడగక్కర్లేదు.

తేదీల విషయంలో కొంచెం తిప్పలు పడాలి. చాలా ఉత్తరాల మీద తెలుగు సంవత్సరం, తిథి మాత్రమే ఉంటాయి. ప్రమోదూత అంటే 1930-31, విషు అంటే 1941-42. కానీ అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుంది, అప్పుడు స్టాంపు చూడాలి. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. అంతకు ముందు రంగం నుంచి వచ్చిన కవరు మీద మన ఇండియా స్టాంపే ఉంటుంది. ఆ రోజు నుంచి అదే స్టాంపు మీద బర్మా అని అచ్చు కొట్టి వాడారు. ఆ తర్వాతి ఏడాది వాళ్ళ సొంత స్టాంపులు వచ్చాయి. తేదీ చెరిగిపోయిన పదకొండు కవర్లను నేను ఇలాగే వరసలో పెట్టాను.

చేతిరాతను మాత్రం నమ్మకండి. మా పెదతాతకు చదువు రాదు. ఉత్తరం ఎవరో ఒకరు రాసిపెట్టేవారు, చివర ఆయన నిశాని, ఇంటూ గుర్తు లాంటిది. రాత మారింది కదా అని మనిషి మారాడనుకుంటే దారి తప్పుతాం. అలాగే, ఉత్తరంలో లేనిది ఏమిటో కూడా చూడాలి. చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చింపేసేవారు, ఇంట్లో ఉంచకూడదని. అందువల్ల ఏ ఇంటి తీగ చూసినా పెళ్ళిళ్ళు, పురుళ్ళు, బాకీలు, వానలు ఉంటాయి, చావులు దాదాపు ఉండవు. మన కుటుంబాల్లో చావు తేదీలు దొరకకపోవడానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం.

రంగం నుంచి వచ్చిన ఆఖరి ఉత్తరం విషు సంవత్సరం కార్తీక బహుళ పంచమిది. అంటే 1941 నవంబరు. నెలన్నర తర్వాత, డిసెంబరు 23న, జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ఆ ఉత్తరంలో డబ్బు సంగతి, ధాన్యం ధర, తల్లి మోకాళ్ళ నొప్పికి మందు, అన్నీ రాయించి, చివర్లో ఒక్క ముక్క: "ఇక్కడ గుంటడికి అమ్మవారు పోసి తగ్గినది."

ఏ గుంటడు? ఊళ్ళో ఉన్న భార్యకు పిల్లల్లేరు. మేస్త్రీ కొడుకేమో, పక్క గదివాళ్ళ పిల్లవాడేమో అనుకుని కొన్నాళ్ళు పక్కన పెట్టాను. కానీ పక్కింటి పిల్లవాడి సంగతి తమ్ముడికి ఎవరైనా డబ్బిచ్చి రాయిస్తారా?

జవాబు తీగ మీద దొరకలేదు, భూమి కాగితాల్లో దొరికింది. 1936 నాటి కొనుగోలు దస్తావేజు మడతలో ఒక ఇన్‌లాండ్ లెటరు ఉంది. 1966 నాటి ముద్ర. మా తాతను "బాబాయి గారికి నమస్కరించి వ్రాయునది" అని మొదలవుతుంది. పంపినవారి గళ్ళో మా ఇంటిపేరు పూర్తిగా రాసి, కింద బర్మా క్యాంపు, విశాఖపట్నం అని ఉంది.

బర్మా క్యాంపు అంటే విశాఖ వాళ్ళకు తెలుసు. 1962 మార్చిలో అక్కడ నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. తర్వాత రెండేళ్ళలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు. 1964 మేలో యాభై, వంద చాట్ నోట్లు రద్దు చేశారు. లక్షల మంది భారతీయులు ఓడలెక్కి తిరిగొచ్చేశారు. అలా వచ్చిన తెలుగువాళ్ళకు కంచరపాలెం వైపు చోటు చూపించారు. నేను రంగంలో ఎవరినైనా పట్టుకోవాలి, వీసా తీసుకోవాలి అని లెక్కలు వేసుకుంటుంటే, మనుషులు మా ఊరికి మూడు గంటల బస్సు ప్రయాణంలో ఉన్నారు!

వెళ్ళాను. నాలుగు వీధులు తిరిగాక ఒక పెద్దాయన ఇల్లు చూపించాడు. తలుపు తీసిన ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. ఇంటిపేరు చెప్పగానే "ఏ ఊరు?" అంది. ఊరు చెప్పాను. "అయితే నువ్వు నాకు అన్నయ్యవి" అంది. గుంటడు ఆవిడ తండ్రి. నాకు పెదనాన్న వరస. ఆయన పోయి తొమ్మిదేళ్ళయిందట.

పెదతాత బాంబుల్లో పోలేదు, అడవిలోనూ పోలేదు. అక్కడి అమ్మాయిని చేసుకుని, యుద్ధమంతా మౌల్మీన్ దగ్గర తలదాచుకుని, 1951లో జబ్బు చేసి పోయాడు. పెదనాన్న 1965లో ఓడ మీద విశాఖ వచ్చి, తండ్రి చెప్పిన ఊరి పేరు పట్టుకుని మా ఊరు వెళ్ళాడు. ఆ తర్వాతి మాట చెల్లెలు ఎలా చెప్పిందో అలాగే చెబుతాను: "మీ తాత మా నాన్నని అరుగు మీద కూకోబెట్టి అన్నం పెట్టినాడట. కడుపు నిండా పెట్టినాడట. పెట్టి, లోపల మా వదినుంది, ఆవిడికి తెలీకూడదు, చీకటి పడకముందే బస్సెక్కెయ్యమన్నాడట."

బస్సు ఖర్చులు, ఒక బస్తా బియ్యం ఇచ్చి పంపాడు. ఆ 1966 ఉత్తరం బియ్యం అందాయని, ఆరోగ్యం జాగ్రత్త అని రాసింది. భూమి మాట అందులో లేదు.

మా బాబాయి ఇది విని, "పాతవి తవ్వకురా" అన్నారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. మా ఊరు జమీందారీ గ్రామం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే జరిగినప్పుడు అన్నగారి భూమి తమ్ముడి పేరున ఎక్కింది. అప్పటికి అన్న లేడనే అందరూ నమ్మారు, 1965 దాకా మా తాతకైనా తెలుసనడానికి ఆధారం లేదు. ఆ తర్వాతి సంగతే చిక్కు. అన్న పోయాడని బయటపెడితే వదిన బొట్టు చెరపాలి, ఆ భూమి ఎవరిదన్న మాట కూడా వస్తుంది. రెండూ ఒకే రహస్యం కింద ఉన్నాయి. ఆయన దేని కోసం నోరు మూసుకున్నాడో నేను మూడేళ్ళుగా ఆలోచిస్తున్నాను. వదిన మీద జాలి నిజం. 1970ల్లో బంధువులు రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఆవిడ చి.ల.సౌ. గానే ఉంది. భూమి మీద ఆశ కూడా నిజమేనని నా అనుమానం. కానీ ఉత్తరాన్ని చింపకుండా సరిగ్గా ఆ దస్తావేజులోనే పెట్టాడు. భూమి కాగితాలు విప్పే మనవడికి అది కనిపించకుండా ఉండదు.

దస్తావేజు, ఉత్తరాలు అన్నీ నకళ్ళు తీయించి చెల్లెలికి ఇచ్చాను. దాచి సంబంధం కలుపుకోవడం నాకు చేతకాలేదు. భూమి సంగతి ఇంకా తేలలేదు. నా వాటా మేరకు నా మాట ఇంట్లో చెప్పాను, మిగతావాళ్ళు ఆలోచిస్తున్నారు. చెల్లెలు దస్తావేజు పక్కన పెట్టి నిశాని ఉన్న కాగితం మీద చాలాసేపు వేలు పెట్టుకుని కూర్చుంది. తాతది ఫోటో కూడా లేదట వాళ్ళ దగ్గర. మా నుంచి ఆవిడ అడిగింది ఒకటే, పెదమామ్మ ఫోటో. తాత ఎప్పుడూ ఆవిడ పేరు చెప్పి ఏడిచేవాడని పెదనాన్న చెప్పేవాడట.

మౌల్మీన్‌లో పెదనాన్న అక్కగారి పిల్లలున్నారు. పేర్లన్నీ బర్మా పేర్లే. అక్కడ ఇంటిపేర్ల పద్ధతి లేదు, కాబట్టి పేరు పట్టుకుని వెతికితే ఎప్పటికీ దొరకరు. చెల్లెలి దగ్గరున్న పాత అడ్రసుతోనే పట్టుకున్నాం. ఫోన్‌లో మాట్లాడితే మాకు భాష కుదరదు. నవ్వుకుంటాం, పిల్లల్ని చూపించుకుంటాం. అందులో ఒకతను "అమ్మమ్మా" అన్న ఒక్క ముక్క తెలుగులో అంటాడు.

మీలో ఎవరైనా మొదలుపెట్టేటట్టయితే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి, కాగితాలు ఎక్కడికీ పోవు. తేదీలు అడగకండి. ఎవరి పెళ్ళికి ఎవరు రాలేదో అడగండి, అన్నీ అవే వస్తాయి. ఉత్తరాలకు లామినేషన్ చేయించకండి, అంటుకున్న మడతలను బలవంతంగా విప్పకండి, ఫోటో తీసి వెనక పెన్సిలుతో నంబరు వేసుకోండి. మన బడి అడ్మిషన్ రిజిస్టర్లలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఏ ఊరి నుంచి వచ్చారన్నది ఉంటాయి. పాత సంపుటాల అట్టలు ఊడిపోతున్నాయని హెడ్మాస్టారు ఇందాకే చెప్పారు. సంఘం వాటిని స్కాన్ చేయిస్తానంటే ఖర్చులో నా వంతు ఇప్పుడే ఇస్తాను, శని, ఆదివారాలు వచ్చి కూర్చుంటాను కూడా.

రంగం ఉత్తరాలు ఎవరి ఇంట్లోనైనా ఉండి, చదవడం కుదరకపోతే, భోజనాల తర్వాత తొమ్మిదో తరగతి గదిలో ఉంటాను. తెలుగు సంవత్సరాల పట్టిక, భూతద్దం తెచ్చాను.