పొన్నెకల్లు కుర్రవాడి గొంతు
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



పిల్లల చదువుల గురించి మనం తరచు మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ పూట పాట గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం. పాట కూడా విద్యే కదండీ!

షేక్ నాజర్ గారిని బుర్రకథ పితామహుడంటారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. ఇవి అందరికీ తెలిసినవే. అంత పేరు రాక మునుపటి నాజర్ సంగతి మనం ఆలోచించాలి. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, పేద దూదేకుల ఇంట పుట్టిన పిల్లవాడాయన. ఆస్తి లేదు, గొంతు ఉంది.

హార్మోనిస్టు ఖాదర్ గారి ప్రోత్సాహంతో ద్రోణుడి వేషం కట్టాడు. నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. ఖాదర్ గారి చేయూత, సీతారామయ్య గారి పాఠం, నాటకాల పద్యం, పల్లెల్లో జంగాలు చెప్పే కథల నడక, ఇవన్నీ ఆ ఒక్క గొంతులో కలిశాయి. ఇది మనది, అది వాళ్ళదని గిరి గీసి ఉంటే ఆ గొంతు అంతగా పండేదా?

ప్రజానాట్యమండలిలో చేరాక ఆయన కథ చెప్పడంతో ఆగలేదు, సొంతంగా కథలు కట్టాడు. బుర్రకథలో నడుమ కథకుడు తంబుర మీటుతూ, అందెలు మోగిస్తూ అడుగు వేస్తాడు. పక్కన ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. అందుకే పాత కథలోకి నేటి కష్టం కూడా వచ్చి కూర్చుంటుంది. 1943 నాటి బెంగాల్ కరువు మీద నాజర్ కథ కట్టాడు. పల్నాటి యుద్ధం చెబితే జనం కదలకుండా విన్నారు. పుట్టిల్లు (1953), అగ్గిరాముడు (1954) చిత్రాలతో ఆ కళ వెండితెరకూ ఎక్కింది.

ఇంకొక మాట. పింజారి అనేది లోకంలో తిట్టుగా చెల్లిన పదం. తన ఆత్మకథకు ఆయన ఆ పేరే పెట్టుకున్నాడు. దూది ఏకే వృత్తిని దాచుకోలేదు, తలెత్తుకుని చెప్పుకున్నాడు. మన పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

మేము అడిగేది ఒక్కటే. పద్మశ్రీ వచ్చేనాటికి ఆయనకు అరవై ఆరేళ్ళు. ఆయన్ని నిలబెట్టింది మాత్రం చిన్ననాడు దొరికిన గురువు. శాలువా కప్పడానికి అందరం వస్తాం. గురువు జీతానికి, బస్సు చార్జీకి ఎవరొస్తారు? పుస్తకాలకు, ఫీజులకు సాయం చేసినట్టే, పాట పాడే పేదపిల్ల, డప్పు పట్టిన పిల్లవాడు కనబడితే ఒక గురువును చూపించే పని కూడా సంఘం తలకెత్తుకోవాలి. ఇంట్లో బిడ్డ కూనిరాగం తీస్తే, "ఇది కూడు పెడుతుందా?" అని కసురుకోకుండా ఓ నిమిషం ఆగి వినండి.

మరో నాజర్ పుడతాడో లేదో చెప్పలేం. పుడితే మాత్రం మన గుమ్మంలో మూగబోకూడదు.

సెలవు. ఖుదా హాఫిజ్.