సీడ్ పత్తి రేటుకూ బడికీ లంకె ఉంది
(మండల రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాకటి దాకా మద్దతు ధర, కరెంటు గురించి మాట్లాడుకున్నాం. బడి సంగతి రైతు సంఘానికి ఎందుకని వెనక వరసలో ఎవరో అన్నారు. ఎందుకో చెప్తాం.

శాంతా సిన్హా గారి పేరు మీలో కొందరు వినే ఉంటారు. నెల్లూరులో పుట్టారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. కార్మికులకు చదువు, పని నేర్పే శ్రామిక విద్యాపీఠం బాధ్యత కూడా చూశారు. ఆ పని మీద రంగారెడ్డి జిల్లా పల్లెలకు పోతే, వెట్టిలో ఉన్నవాళ్లలో పిల్లలూ కనబడ్డారు. తండ్రి చేసిన అప్పు కింద జీతమున్న పసివాళ్లు. అలాంటి పిల్లలకు 1987లో మూడు నెలల శిబిరం పెట్టి బడికి తయారుచేశారు. 1991 నుంచి ఆ పనినే తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట ఉన్న ఫౌండేషన్ ద్వారా ఊరూరా నడిపారు.

పన్నెండేళ్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతాడు. అందుకే ముందు శిబిరంలో చదువు చెప్పి, తర్వాత వయసుకు తగిన తరగతిలో చేర్చేవారు. పగలంతా పని, రాత్రి బడి అనే ఏర్పాటుకు ఒప్పుకోలేదు. 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. అవార్డుల మాట అలా ఉంచండి. వాళ్లు రైతును దొంగలా చూడలేదు. ఆసామిని కూర్చోబెట్టి మాట్లాడారు. పిల్లల్ని వదిలిపెట్టిన ఆసాములే తర్వాత బడికి అండగా నిలిచిన ఊళ్లున్నాయి.

ఇక మన సీడ్ పత్తి దగ్గరికి వద్దాం. గద్వాల వైపు, కర్నూలు వైపు రైతులకు విడమరచి చెప్పక్కర్లేదు. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు ఒలవాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి రుద్దాలి. ఒక్కో పువ్వుకూ చేత్తోనే, నెలల తరబడి. ఆ క్రాసింగ్ సరిగ్గా బడి వేళకే పడుతుంది. ఆడపిల్లల వేళ్లు సన్నం, పని నాజూగ్గా చేస్తారని ఒక మాట పుట్టించారు. పెద్ద ఆడమనిషి చేస్తే మొగ్గ విరిగిపోతుందా? పిల్లకు ఇచ్చే కూలి తక్కువ, అదీ అసలు సంగతి.

కంపెనీ రేటు కడుతుంది, ఆర్గనైజరు అడ్వాన్సు ఇస్తాడు, కూలి భారం రైతు నెత్తిన పడుతుంది. సీడ్ సాగులో అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. పెద్దల కూలి లెక్క వేయకుండా కట్టిన రేటు పిల్లల కూలి మీద నడిచే రేటే. 2016 సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. తనిఖీకి వచ్చినవాళ్లకు చేను గట్టు మీద దొరికేది మీరే. రేటు కట్టినాయన ఏసీ గదిలో ఉంటాడు.

అందుకే సంఘం రెంటినీ కలిపి అడుగుతోంది. పిల్లలు బడిలో ఉండాలి, పెద్దల కూలి లెక్కగట్టి సీడ్ రేటు పెంచాలి. రెండో మాట వదిలేసి మొదటిది ఒక్కటే చెప్పే అధికారులకు కూడా ఇదే చెప్పాం, మళ్లీ చెప్తాం.

ఆర్గనైజర్లు ఊళ్లోకి రాకముందే అగ్రిమెంటులో ఈ లెక్క రాయించుకోవాలి. విడివిడిగా సంతకాలు పెట్టకండి. రాయించే పనికి ఊరికి ఇద్దరి పేర్లు, అందులో ఒక ఆడమనిషి పేరు, లేచేలోపు కార్యదర్శికి ఇచ్చి వెళ్లండి.