కరవు సీమ వంటయింట రొయ్యల పాస్తా

అనంతపురమునుండి తూర్పు సముద్రము, పక్షి ఎగిరిన దారిని కొలిచినను, 250 కిలోమీటర్లకు పైనే ఉన్నది. పడమటి సముద్రము అంతకంటె దూరము. నైరృతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించుట చేతను, ఈశాన్య ఋతుపవనములు ఇంత లోపలికి వచ్చునప్పటికి నీరసించుట చేతను, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను పీఠభూమి మనది. ఇట్టి చోట కూర్చుండి, సముద్రపు రొయ్యలతోను ఇటలీ దేశపు పాస్తాతోను, మీగడ వంటి చిక్కదనముతో, ఘాటైన కారముతో చేయు వంటకమును గూర్చి ప్రసంగించుట విడ్డూరముగా తోచవచ్చును. కాని బెంగుళూరులో చదువుకొను పిల్లలు సెలవులకు ఇల్లు చేరి ఈ వంటకమును కోరుట, ఇంటిలోని పెద్దలు సెల్‌ఫోనులో చూచి చేయ ప్రయత్నించుట నేడు మన వీధులలో మామూలైనది. అట్లు ప్రయత్నించిన వారికి మొదట ఎదురగు చిక్కు రొయ్యలది కాదు, మీగడది కాదు, నీటిది.

వంద గ్రాముల పాస్తాకు ఒక లీటరు నీరు అనునది ఇటలీ వారి పాత లెక్క. నలుగురికి 300 గ్రాములు వండుదమన్నచో మూడు లీటర్ల నీరు కాచవలెను. పాస్తా ఉడికిన పిమ్మట ఆ నీటిని జలదారిలో పారబోయుడని అనేక వంట పుస్తకములు చెప్పుచున్నవి. మూడు లీటర్లు ఏపాటి అని ఏటి ఒడ్డున ఉన్నవారు అనవచ్చును. వేసవిలో కుళాయి వచ్చు దినమునకై బిందెలు వరుస పెట్టి కాచుకొను ఇల్లాలికి అది ఏపాటియో తెలియును. అదియును తాగునీరు. బోరు నీటిలో ఫ్లోరైడు ఉన్న గ్రామములలో తాగునీరు వేరు, వాడుక నీరు వేరు. వంటకు మొదటి దానినే వాడవలెను. కావున ఈ వంట మన ఊరికి తగినది కాదని కొందరు తీర్మానించిరి. నా అభిప్రాయము అది కాదు. నీటిని పొదుపు చేయుట చేతనే ఈ వంటకము బాగుగా కుదురునని నేననుచున్నాను.

వంటలోని రసాయన శాస్త్రమును గూర్చి వ్రాసి ప్రసిద్ధుడైన హెరాల్డ్ మెగీ అను అమెరికా రచయిత 2009లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఈ సంగతినే చర్చించెను. సుమారు 450 గ్రాముల పాస్తాను రెండు లీటర్లకు లోపు నీటిలో, చన్నీటిలోనే వేసి, నడుమ నడుమ కలుపుచు ఉడికించవచ్చునని ఆయన స్వయముగా ప్రయోగము చేసి చూచెను. ఆ మాట విని పడమటి దేశములలో చాలమంది ఆశ్చర్యపడిరి. సంగటి వండువారు ఆశ్చర్యపడరు. మన రాగి సంగటికి నీరు కొలిచియే ఎసరు పెట్టుదురు. నూకలు ఉడికిన పిమ్మట పిండి వేసి తెడ్డుతో గెలుకుదురు. అందులో వార్చి పారబోయునది ఏమియు లేదు. అన్నము వార్చిన ఇండ్లలోనైనను గంజిని నేలపాలు చేసినవారు పూర్వము లేరు. అది మనిషికో, పశువుకో, నూలు చీరకో చేరెడిది.

పాస్తా ఉడికిన నీరును గంజియే. నీరు తగ్గినకొలది గంజి చిక్కనగును. గోధుమనుండి విడివడిన పిండిపదార్థము ఆ నీటిలో వ్యాపించి, పోపులోని నూనెను తేలనీయక సన్నని బిందువులుగా పట్టి ఉంచును. మనము మీగడతనమని మెచ్చుకొనునది చాలవరకు ఇదియే. మూడు లీటర్లలో పలుచనైపోయిన గంజికి ఆ శక్తి చాలదు గనుక డబ్బాలోని క్రీము కొని పోయవలసి వచ్చుచున్నది.

ఇక పాస్తా సంగతి. గోధుమరవ్వను నీటితో గట్టిగా పిసికి, అచ్చులలో ఒత్తి, ఆరబెట్టినదే ఎండు పాస్తా. సిసిలీ ద్వీపములోని త్రాబియాలో ఇట్టి పిండిపోగులను విస్తారముగా చేసి ఓడలపై పరదేశములకు పంపుచుండిరని అరబ్బు భూగోళ శాస్త్రజ్ఞుడు అల్ ఇద్రీసీ 1154లో వ్రాసెను. మన శావిగల పీట చేయు పని వంటిదే అదియు. అయితే గోధుమ జాతి ముఖ్యము. డ్యూరం అను గట్టి గోధుమతోనే ఎండు పాస్తా చేయవలెనని ఇటలీ ప్రభుత్వము 1967లో చట్టము చేసినది. పొట్లముపై ఆ పేరు చూచి కొనుడు. మైదాతో చేసినది కొద్ది నీటిలో ముద్దయైపోవును. పొడవాటి పోగులకంటె పొట్టి గొట్టములు మన గిన్నెలకు అనుకూలము.

మీగడకు బదులు నేను సూచించునది, మనము చెనిక్కాయ అని పిలుచుకొను వేరుసెనగ. మన చేలలో పండు గింజలో ఇంచుమించు సగము నూనె, నాలుగవ వంతు మాంసకృత్తులు ఉన్నవి. పాలమీగడ టమాట పులుపునకు విరుగును; వేరుసెనగ ముద్దకు ఆ భయము లేదు. కాని గింజలను ఏరుటలో అశ్రద్ధ పనికిరాదు. పంట చివరి దినములలో వాన తప్పి నేల ఎండినప్పుడు కాయకు ఒక విధమగు బూజు సోకును. దానివలన పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషము వేయించినను, ఉడికించినను పూర్తిగా పోదు. ముడుతలు పడినవి, రంగు మారినవి, నోటికి చేదు తగులునవి నిర్దాక్షిణ్యముగా పారవేయవలెను. పాడి పశువునకు వేయుదమా అని జాలిపడరాదు. ఆ విషము పాలలోనికి దిగును.

రొయ్యలు రెండు దారులలో మనకు చేరుచున్నవి. ఒకటి మంచు పెట్టెలో. 2009లో మన దేశములో సాగునకు అనుమతి పొందిన వన్నామీ జాతి రొయ్యలు కోస్తా చెరువులనుండి వచ్చునవి ఎక్కువ. తల వదులై వ్రేలాడుచున్నను, అమోనియా వంటి ఘాటు వాసన కొట్టినను కొనకుడు. రెండవది సంతదారి: ఎండు రొయ్యలు. సముద్రము చూడని పల్లెలకు సముద్రపు రుచి చేర్చినవి ఇవియే. పచ్చి రొయ్యలు దొరకనివారు చిన్నబుచ్చుకొననక్కరలేదు. ఈ వంటకమునకు ఎండువాటి రుచియే లోతైనదని నా మతము. వాటి తలలు, మీసములు తుంచి, పొడి మూకుడులో దోరగా వేయించి, చేటలో పోసి నలిపి చెరుగవలెను. పిదప వేడినీటిలో చప్పున కడిగినచో ఇసుక పోవును.

నలుగురికి కొలత చెప్పెదను. పాస్తా 300 గ్రాములు, ఎండు రొయ్యలు 60 గ్రాములు లేక ఒలిచిన పచ్చి రొయ్యలు 300 గ్రాములు, వేయించి పొట్టు తీసిన వేరుసెనగ గింజలు 75 గ్రాములు, ఉల్లిపాయలు రెండు, టమాటలు రెండు, వెల్లుల్లి ఎనిమిది రేకలు. రంగునకు బ్యాడగి మిరపకాయలు నాలుగు, కారమునకు గుంటూరు కాయలు రెండు. ఈ మిరపకాయలను కొద్ది వేడినీటిలో నానవేసి వెల్లుల్లితో కలిపి నూరుడు. మిరపకాయ ఇటలీకిని మనకును అమెరికా ఖండమునుండియే వచ్చినది. దక్షిణ ఇటలీలోని కలాబ్రియా వారు కారము తినుటలో ఘనులు. కాబట్టి కారము వేసి పాస్తాను పాడుచేయుచున్నామని ఎవ్వరును మొగమాటపడవలదు.

వెడల్పు గిన్నెలో లీటరుంబావు నీరు పోసి, పాస్తాను, చిన్న చెంచాడు ఉప్పును వేసి పొయ్యిపై పెట్టుడు. నీరు కాగువరకు తరచుగా కలుపవలెను, లేనిచో అడుగంటును. పచ్చి రొయ్యలు వాడువారు వాటి తలలను, పెంకులను ముందుగా లీటరున్నర నీటిలో పావుగంట కాచి, వడకట్టి, ఆ నీటినే ఎసరుగా వాడినచో రుచి ఇనుమడించును. బోరు నీరు చవుడైనచో రెండు చుక్కల నిమ్మరసము పిండుడు, పాస్తా జిగురుకట్టదు. పొట్లముపై చెప్పిన సమయమునకు రెండు నిమిషములు ముందుగానే, పలుకు ఉండగా తీయవలెను. గిన్నెలో సుమారు అర లీటరు గంజి మిగులును. దానిని భద్రముగా ఉంచి, అందులో అర గ్లాసుతో వేరుసెనగ గింజలను వెన్నవలె నూరుకొనుడు.

మూకుడులో మూడు గరిటెల వేరుసెనగ నూనె కాచి, ఉల్లిపాయలను ఎర్రగా వేయించి, ఎండు రొయ్యలను, నూరిన కారమును, టమాటలను వరుసగా వేసి నూనె తేలువరకు మగ్గనీయుడు. పచ్చి రొయ్యలైనచో టమాట మగ్గిన తరువాతనే వేయవలెను; రెండు మూడు నిమిషములు చాలును. రొయ్య అరసున్న వలె వంగినప్పుడు సరిగా ఉడికినట్లు. నిండుసున్న అయినదా, రబ్బరే. తరువాత పాస్తాను, ఒక గ్లాసు గంజిని చేర్చి రెండు నిమిషములు కుదుపుచు ఉడికించుడు. మంట బాగుగా తగ్గించి వేరుసెనగ ముద్దను చివర కలుపవలెను. ముందుగా వేసి మరిగించినచో నూనె విడిపోవును, అడుగు మాడును. ఎండు రొయ్యలలో ఉప్పు ఉండును గనుక రుచి చూచిన పిమ్మటనే ఉప్పు వేయుడు. చీజు అక్కరలేదు; చేపలు, రొయ్యలు కలసిన పాస్తాపై దానిని చల్లుటకు ఇటలీలోని సంప్రదాయజ్ఞులును ఒప్పుకొనరు.

పాస్తా దొరకని దినమున ఇదే గుజ్జును ఒత్తు శావిగలపై పోసి తినవచ్చును. రాగి శావిగలకు మరింత ఇంపుగా ఉండును.

అతిథులకు పెట్టునప్పుడు మాత్రము ముందుగా అడుగుడు: రొయ్యలుగాని, వేరుసెనగగాని సరిపడనివారు కొందరు ఉందురు, వారికి ఒక ముద్దయైనను ప్రమాదమే. వండిన వెంటనే వడ్డింపుడు. చల్లారుకొలది ఇది గట్టిపడును; అప్పుడు క్రీము కొరకు అంగడికి పరుగెత్తక, దాచిన గంజిలో రెండు గరిటెలు వేడిచేసి పోసి కలిపినచో మరల జారుగా వచ్చును. ఎండకాలములో రొయ్యల వంటకమును మరునాటికి ఉంచవలదు. గంజి ఇంకను మిగిలినచో రాత్రి చారులో పోయుడు.