మెక్సికోలో బండిఱ

ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుగు చెప్పితిని. రేఫములు రెండనియు, వేరు అనిన చెట్టు మూలమనియు, వేఱు అనిన భిన్నమనియు పిల్లలచే వల్లె వేయించితిని. "నోట రెండును ఒకటే గదా పంతులుగారూ, వ్రాతలో రెండెందుకు?" అని వారడిగెడివారు. నా నోటను అవి ఒకటియే. పెద్దలు పెట్టినది, నేర్చుకొనుడని కసరెడివాడను. ఆ ప్రశ్నకు జవాబు నాకు అఱువదియేడవ యేట దొరకినది. అదియు మెక్సికో దేశమున, పూలమ్ము ఒక ముదుసలివలన.

2023వ సంవత్సరమున మా అమ్మాయి ఉద్యోగముకొఱకు గ్వాదలహారా నగరమున కాపురముండగా నేనచట ఏడు నెలలుంటిని. అది హలీస్కో రాష్ట్రమునకు రాజధాని. జనుల వాడుక స్పానిష్ భాష. వీథిలో పలుకరించినవారికి తల యూపి ఊరకుండుట నాకు మూగతనమువలె తోచెను. అందుచేత మనుమరాలి వాచకము తీసికొని చదువ మొదలిడితిని.

ఆ భాష మనకంత దూరమైనది కాదు. దంతమును దియెంతె అనియు, మాతను మాద్రె అనియు, ఏడును సియెతె అనియు అందురు. సంస్కృతము చదివినవానికి చుట్టముల యింటికి పోయినట్లుండును. చనువుగలవారిని తూ అనియు, పెద్దలను ఉస్తెద్ అనియు సంబోధింతురు. ఇంగ్లీషులోవలె అందఱికిని ఒకే మాట కాదు. నన్ను బాధించినది రేఫమొక్కటియే. వారికిని రెండు రేఫములు కలవు. పెరో అనిన 'కాని' యని అర్థము; నాలుక అదరునట్లు పెర్రో అనిన కుక్క. మన పూర్వుల నోటను రెండు రేఫములు వేఱువేఱుగా పలికినవే. మనము పోగొట్టుకొని వ్రాతలో మిగుల్చుకొంటిమి.

అక్టోబరు నెలాఖరున నగరమంతయు బంతిపూలతో నిండినది. నవంబరు 1, 2 తేదీలలో వారు గతించినవారిని తలచుకొందురు. బల్లమీద వారి పటములుంచి, నీరు, ఉప్పు, దీపములు, వారికిష్టమైన వంటకములు అమర్చుదురు. పూలరేకులతో దారి వేయుదురు. ఆ రంగును, ఆ వాసనను పట్టి పోయినవారు ఇల్లు చేరుదురని నమ్మకము. మనము గొబ్బెమ్మలపై నుంచు బంతిపూవునకు పుట్టినిల్లు ఆ దేశమే. దాని పేరు సెంపాసూచిల్. స్పెయినువారు రాకమునుపే యున్న నావాత్ల్ భాషలో ఇరువది పూవులని అర్థము. తిథియు మంత్రమును లేక పితృకార్యము లేదని పెరిగినవాడను. పాటలతో, పంచదార పుఱ్ఱెలతో పితరులను పిలుచుట మొదట నాకు రుచింపలేదు. పొరుగింటి వృద్ధుడు తన తల్లి పటముముందు కాఫీ యుంచి, ఆమెకు తీపి ఎక్కువ కావలెనని మఱియొక చెంచా చక్కెర వేయుట చూచితిని. ఆపైన ఆ విషయమున నేను నోరెత్తలేదు.

నా భార్య పోయి అప్పటికి మూడేండ్లు. ఆమె పటమునకు పూలు కొనుటకై సాన్ హువాన్ దే దియోస్ అంగడికి వెళ్లితిని. వెల విని, మిక్కిలి ప్రియమనుటకు 'మూయ్ కారో' అనవలసియుండగా, తప్పు పలుకుదునేమో యను భయముచే రేఫమును గట్టిగా త్రిప్పి 'మూయ్ కార్రో' అంటిని. కార్రో అనిన బండి! ముదుసలి పకపక నవ్వినది. వీథిలోని మోటారును చూపి 'కార్రో', పూలను చూపి 'కారో' అనుచు, నేను సరిగా పలుకువఱకు విడువలేదు. బడిపిల్లవానివలె నిలిచి అయిదాఱు మాఱులు అప్పగించితిని. బండిఱను బండి యను మాటతోనే నేర్చుకొనుట నా వ్రాత.

పిదప పూలెవరికని అడిగినది. 'మి ఎస్పోసా', నా భార్యకు, అంటిని. ఆమె నవ్వు మానినది. వెల తగ్గింపలేదు గాని, మఱియొక గుప్పెడు పూలు కట్టలో దూర్చి 'పిలోన్' అనినది. ఆ మాట మనుమరాలి వాచకములో లేదు. ఇంటికి వచ్చి అడుగగా, కొసరు అని మా అమ్మాయి చెప్పినది.