సీమ తల్లుల చావులు ఏ లెక్కలో ఉన్నాయి?

(ఏప్రిల్ 11 జాతీయ సురక్షిత మాతృత్వ దినం సందర్భంగా రాజంపేటలో జరిగిన విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల గురించి, హైకోర్టు గురించి, శ్రీబాగ్ ఒడంబడిక గురించి మాట్లాడే వేదిక మీద కాన్పుల ముచ్చటేమిటని కొందరు మిత్రులు అడిగినారు. ఇంతకాలం మన సభల్లో ఈ మాట రాలేదంటే కారణం ఒకటే. వేదికల మీద కూర్చునేది మగవాళ్లం. ముందు ఆ తప్పు ఒప్పుకుందాం.

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన లెక్క ప్రకారం, 2023 ఒక్క ఏడాదిలో గర్భంతోనో, కాన్పులోనో, బాలింతగానో చనిపోయిన ఆడవాళ్లు సుమారు 2 లక్షల 60 వేల మంది. రెండు నిమిషాలకు ఒక తల్లి. వీళ్లలో నూటికి 92 మంది పేద, దిగువ మధ్యాదాయ దేశాల వాళ్లే. లక్ష మంది బిడ్డలు పుడితే పేద దేశాల్లో 346 మంది తల్లులు పోతున్నారు, ధనిక దేశాల్లో 10 మంది. ఒక్క నైజీరియాలోనే ఆ ఏడాది 75 వేల మంది పోయినారు. కడుపు నిండా చమురున్న నేల అది! నేలలో సంపద ఉండడం వేరు, ఆ సంపద బాలింత మంచం దాకా రావడం వేరు. ఈ సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ చమురు బావులు తవ్వడానికి వాడే ముగ్గురాయి మన మంగంపేటలోనే ఉంది. ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో అదొకటి. మన ఆడబిడ్డలేమో కువైట్ పోయి అక్కడి వాళ్ల పిల్లల్ని సాకుతున్నారు. కాన్పు చావులు చాలా తక్కువున్న దేశాల్లో కువైట్ ఒకటి.

ఇది మందు లేని రోగం కాదు. కాన్పయినాక రక్తం ఆగకపోవడం, బీపీ పెరిగి గుర్రపువాతం రావడం, బిడ్డ అడ్డం తిరగడం, చీము పట్టడం. తల్లుల్ని చంపుతున్నవి ఎక్కువగా ఇవే. ఆక్సిటోసిన్, మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లు ఖరీదైనవి కావు. 2023లో బయటికొచ్చిన ఒక పరిశోధన చూడండి. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లోని 80 ఆసుపత్రుల్లో పోయిన రక్తాన్ని ప్లాస్టిక్ సంచిలో కొలిచి, హద్దు దాటిన వెంటనే చేయాల్సిన వైద్యమంతా ఒక్కసారిగా మొదలుపెట్టినారు. తీవ్ర రక్తస్రావం, దాని వల్ల వచ్చే ముప్పు 60 శాతం తగ్గినాయి. కావలసింది ఆ సంచి, మందులు, పక్కన నిలబడే నర్సమ్మ.

మరి ఎందుకు పోతున్నారు? 1994లో సెరీన్ తాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు మూడు ఆలస్యాలని చెప్పినారు. ఆసుపత్రికి పోదామని ఇంట్లో తేల్చుకోవడంలో ఒకటి, ఆసుపత్రి చేరడంలో ఒకటి, చేరినాక వైద్యం అందడంలో ఒకటి. 2005లో 108 వచ్చినాక రెండో ఆలస్యం కొంత తగ్గింది. ఆ మంచిని మంచే అందాం. మూడోదే మన మెడకు చుట్టుకుంది. సీమలో "పెద్దాసుపత్రికి రాసినారు" అనే మాట వినని ఇల్లు లేదు. ఇక్కడి నుంచి కడప యాభై కిలోమీటర్లకు పైనే, తిరుపతి తొంభైకి దగ్గర. రక్తం పోతున్న బాలింతకు ఆ గంటే ఆయుష్షు. 2022లో జిల్లా కేంద్రం కోసం ఈ ఊరంతా రోడ్డెక్కింది కలెక్టరు బంగళా కోసం కాదు. కేంద్రంతో పాటు జిల్లా ఆసుపత్రి వస్తుందని. విభజన తర్వాత ఎయిమ్స్ మంగళగిరికి పోయింది. అప్పుడు మనం నిలదీయాల్సినంత నిలదీయలేదు.

ఇప్పుడు అసలు మాటకొస్తాం. దేశంలో తల్లుల మరణాల రేటు కట్టేది రిజిస్ట్రార్ జనరల్ నమూనా సర్వే. అది రాష్ట్రానికి ఒక అంకె ఇస్తుంది. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంకె లక్షకు 195. 2018-20కి ఆంధ్రప్రదేశ్ 45, కేరళ 19. గొప్ప తగ్గుదలే, కాదనం. కానీ ఆ 45లో కృష్ణా డెల్టా ఎంత, ఆలూరు, ఆదోని ఎంత? ఆ పట్టికలో సీమకు గడి లేదు. తెలంగాణకు ఉంది. 2014-16 లెక్కలో మొదటిసారి విడిగా అంకె వచ్చింది, 81. అప్పుడు ఆంధ్రప్రదేశ్ 74. 2018-20కి తెలంగాణ 43. రాష్ట్రం రావడం వల్లనే తగ్గిందని మేము అనడం లేదు, ఇక్కడా తగ్గింది కదా. కానీ 81 అని బయటపడిన రోజు అడగడానికి వాళ్లకొక అంకె, నిలదీయడానికొక ప్రభుత్వం దొరికినాయి. జార్ఖండ్ అంతే. బీహార్‌తో కలిపి లెక్కించినన్నాళ్లు దాని గతి దానికే తెలియదు. విడిగా చూస్తే 2018-20లో బీహార్ 118, జార్ఖండ్ 56.

1953లో మైసూరులో కలిసిన బళ్లారిని మరువకండి. 2024 నవంబరులో అక్కడి ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్లయిన తల్లులు అయిదుగురు వరసగా చనిపోయినారు. ఎక్కించిన సెలైను మీద అనుమానం వచ్చి దాని వాడకం ఆపినారు. అయిదుగురు ఒకేచోట పోతే గానీ రాష్ట్రం ఉలిక్కిపడలేదు. పల్లెకొకరు పోతే ఎవరు పలుకుతారు?

తప్పంతా అమరావతిదే అనుకుని ఇళ్లకు పోవద్దు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ రాష్ట్ర గర్భిణుల్లో సగానికి పైగా, 53.7 శాతం మందికి రక్తహీనత. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఆ పెళ్లిళ్లు చేసింది ఏ ముఖ్యమంత్రీ కాదు. మనం. పత్రిక అందుకుని, అక్షింతలు వేసి, భోజనం చేసి వచ్చింది కూడా మనమే.

ప్రతి తల్లి మరణం మీద సమీక్ష జరపాలని, కలెక్టరు చూడాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చి ఏళ్లయింది. ఆ కాగితాలు జిల్లా ఆఫీసుల్లో ఉండాలి. పేర్లు మనకొద్దు. మండలం, తేదీ, కారణం, ఏ ఆసుపత్రి నుంచి ఏ ఆసుపత్రికి రాసినారు, ఎన్ని గంటలు పట్టింది, అవి చాలు. పాత నాలుగు జిల్లాలకూ సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. దరఖాస్తులు బయట బల్ల మీద పెట్టినాం. ఆరోగ్యశాఖలో పనిచేసే మిత్రులు సంతకం పెట్టొద్దు, మీ ఉద్యోగాలకు ఇబ్బంది. విద్యార్థులు పెట్టండి. ఆడపిల్లలు ముందు పెట్టండి.