ఇంటిపేరులో పులి, కంచెలో పులి

(గాజువాకలో ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

పాడేరు, అరకు, చింతపల్లి, ముంచంగిపుట్టు వైపు నుంచి వచ్చి ఈ గాజువాకలో చదువుకుంటున్న, ఫ్యాక్టరీల్లో పని చేసుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు జోహార్లు.

"ఆదివాసీలు - ప్రకృతి" అనే విషయం మీద మాట్లాడమన్నారు. మనం ప్రకృతి బిడ్డలం, అడవి మన తల్లి అని ఏటా వింటూనే ఉన్నాం. అదే నేనూ చెబితే మీరు చప్పట్లు కొట్టి భోజనాలకు లేస్తారు. అందుకని ఈసారి మీలో చాలామందికి నచ్చని మాటలు నాలుగు చెబుతాను. విషయం జూ, అక్వేరియం.

ముందు నా సంగతి. మా ఇంటిపేరు కిల్లో. కిల్లో అంటే పులి అని మీకు తెలుసు. మా తాత పులి ఊసు ఎత్తాల్సి వస్తే గొంతు తగ్గించేవాడు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను పులిని మొదటిసారి చూసింది మా కొండ మీద కాదు. ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు విహారయాత్రకని బస్సెక్కించి విశాఖ తీసుకొచ్చారు. జూలో పులి దగ్గర మాస్టారు నా భుజం తట్టి, "ఒరే, మీ బంధువురా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పులి మాత్రం మా వైపు చూడలేదు. కంచె వెంబడి ఆ చివరికి వెళ్లడం, వెనక్కి తిరగడం, మళ్లీ ఈ చివరికి రావడం. అడుగులో అడుగు. నేల మీద దారి పడిపోయింది. అడవిలో మైళ్లకు మైళ్లు తిరిగే జంతువును కొద్ది చోటులో ఉంచితే ఇలా ఒకే దారిలో తిరుగుతుందని, ప్రపంచంలో చాలా జూల్లో ఇది కనిపిస్తుందని తరవాత చదువుకున్నాను. ఆ రోజు మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు.

ఇప్పుడు మీ ఇంటిపేర్లు చూద్దాం. వంతల వారున్నారు, నాగుపాము. గొల్లోరి వారు, కోతి. కిముడు, ఎలుగుబంటి. పాంగి, గద్ద. మత్స్యరాస వారి పేరులోనే చేప ఉంది. ఈ హాల్లో హాజరు పిలిస్తే సగం జూ లేచి నిలబడుతుంది. అందుకే ఈ విషయం మీద మాట్లాడే హక్కు మనకు ఉంది. బాధ్యత కూడా ఉంది.

మొదటి మాట. "జూలన్నీ మూసేయాలి, గేట్లు తీసి జంతువుల్ని వదిలేయాలి" అని ఫోన్లో పోస్టు పెట్టడం తేలిక. నేను దానికి ఒప్పుకోను. గాజువాక నుంచి ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటి వెళితే మన ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల వస్తుంది. 1977లో తెరిచారు. కంబాలకొండ అడవిని ఆనుకుని సుమారు 625 ఎకరాలు. జూ పేరు అందరికీ తెలుసు గానీ, విశాఖలోనే సర్కస్ జంతువుల కోసం పెట్టిన సంరక్షణ కేంద్రం గురించి తెలిసినవాళ్లు తక్కువ. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి, వీటిని ఆటల్లో ఆడించకూడదని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకు వెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. మరి సర్కసుల నుంచి విడిపించిన సింహాలు, పులులు ఎక్కడికి పోవాలి? వాటి కోసం దేశంలో పెట్టిన కేంద్రాల్లో విశాఖ ఒకటి, తిరుపతి ఇంకొకటి.

బోనులో పుట్టి, కొరడా చప్పుడుకు స్టూలు ఎక్కి కూర్చోవడం తప్ప వేట నేర్వని సింహాన్ని ఏ అడవిలో వదులుతాం? వదిలితే ఆకలికి అదైనా చస్తుంది, లేదా పశువుల మంద మీద పడి ఊరివాళ్ల చేతిలోనైనా చస్తుంది. అలాంటి జంతువుకు చివరిదాకా తిండి, మందు, నీడ ఇవ్వడం నా లెక్కలో వృద్ధాశ్రమం నడపడం లాంటిది. దాన్ని మూసేయమనడం జాలి అనిపించుకోదు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. 2023 నవంబరులో ఇదే జూలో ఎలుగుబంటి దాడిలో ఒక యువ ఉద్యోగి ప్రాణం పోయింది. బోను కడిగి, గిన్నెలో తిండి పెట్టే చేతులు సామాన్యుల ఇళ్ల నుంచి వచ్చినవే. జూ మీద కోపం వచ్చినప్పుడు ఆ మనుషుల మీద చూపించకండి.

రెండో మాట జూను ఇష్టపడేవాళ్లకు నచ్చదు. చూపించడం వేరు, కాపాడటం వేరు. టికెట్టు కొన్నాం, పులిని చూశాం, సెల్ఫీ దిగాం, కాబట్టి పులిని కాపాడినట్టే అనుకోకండి. మన చట్టం కూడా అలా అనుకోవడం లేదు. 1991లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి జూలను అందులోకి తెచ్చారు. 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. అడవిలో ఉన్న జంతువుల సంరక్షణకు తోడ్పడటమే జూల ముఖ్యమైన పని అని 1998 జాతీయ జూ విధానం చెబుతుంది.

ఆ పని చేస్తే ఎలా ఉంటుందో హైదరాబాద్ నెహ్రూ జూలో చూడొచ్చు. చూడొచ్చు అన్నాను గానీ, నిజానికి చూడలేం. మూషిక జింక అని కుందేలంత జంతువు ఉంది. 2010లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలతో కలిసి కొద్ది జింకలతో అక్కడ సంతానోత్పత్తి మొదలుపెట్టారు. సందర్శకులు తిరిగే చోటికి దూరంగా ఉంచి సంఖ్య పెంచారు. ఆ తరవాత చెంచుల నల్లమలలో, అమ్రాబాద్ అడవిలో వదిలారు. నిజంగా అడవికి తిరిగి వెళ్లిన జంతువు టికెట్టు కొన్నవాళ్ల కంట పడనేలేదు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

మన విశాఖ జూలో రేచుకుక్కలకు ఇలాంటి సంతానోత్పత్తి కేంద్రం ఉంది. మంద కట్టి కణుజును తరిమే రేచుకుక్కల కథలు మీ తాతలు చెప్పే ఉంటారు. ఈసారి జూకు వెళితే అక్కడివాళ్లను గౌరవంగా ఒక ప్రశ్న అడగండి. "అయ్యా, ఇక్కడ ఎన్ని పుట్టాయి, అందులో అడవికి ఎన్ని వెళ్లాయి?" జూకు మార్కులు వేయాల్సింది ఆ రెండో అంకె చూసి.

అక్వేరియం సంగతీ ఇదే. బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని ఉంది. పిల్లల్ని తీసుకెళ్లే ఉంటారు. అద్దాల తొట్లలో పెంచే మంచినీటి రంగు చేపలు చాలావరకు ఫారాల్లో పుట్టినవి. సముద్రపు రంగు చేపలు అలా కాదు. ఎక్కువ భాగం పగడపు దిబ్బల దగ్గర పట్టి తెచ్చినవే. ఇంట్లో తొట్టి పెట్టుకోవాలనుకునేవాళ్లు కొనేముందు అది ఎక్కడ పుట్టిందో అడగండి. రామచిలుక విషయంలో అడిగే పనే లేదు. మన దేశపు చిలుకను ఇంట్లో పంజరంలో పెట్టడం నేరం.

ఒకే చేపకు రెండు చోట్ల ఎలా జరిగిందో చెబుతాను. చేపల్లోకెల్లా పెద్దది తిమింగల సొరచేప. అమెరికాలో అట్లాంటాలో 2005లో తెరిచిన పెద్ద అక్వేరియంలో తైవాన్ నుంచి తెచ్చిన తిమింగల సొరచేపల్ని పెట్టారు. 2007లోనే రెండు చనిపోయాయి. అదే జాతి చేప 2021 డిసెంబరులో మన గాజువాకకు అట్టే దూరం లేని తంతడి తీరంలో ఒడ్డుకు చిక్కుకుంది. అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు, వన్యప్రాణి ప్రేమికులు కలిసి దాన్ని మళ్లీ లోతు నీటిలోకి పంపారు. ఆ చేపకు తొట్టి కట్టలేదు, టికెట్టు పెట్టలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్న ఊరు మనది. డాల్ఫిన్లను బంధించి ఆటలు ఆడించే కేంద్రాలకు దేశంలో ఎక్కడా అనుమతి ఇవ్వవద్దని 2013లో కేంద్రం చెప్పింది. అది మంచి నిర్ణయం.

మూడో మాట, ఎదుటివాళ్లు మనల్ని చూడటం గురించి. 1906లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో కోతుల ఇంట్లో ఒక మనిషిని ప్రదర్శనకు పెట్టారు. ఆయన పేరు ఓటా బెంగా. కాంగో అడవుల్లోని ఎంబుటి తెగ యువకుడు. జనం విరగబడి వచ్చారు. నల్లజాతి మతబోధకులు గట్టిగా అభ్యంతరం చెబితే గానీ ఆ ప్రదర్శన ఆగలేదు. 1916లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ జూను నడిపే సంస్థ 2020లో క్షమాపణ చెప్పింది. అంటే 114 ఏళ్ల తరవాత.

ఎక్కడి కాంగో, ఎక్కడి మనం అనుకోకండి. కొన్నేళ్ల కిందట నగరంలో ఒక కార్యక్రమానికి మన ఆడపడుచుల్ని థింసా ఆడటానికి పిలిపించారు. ముఖ్య అతిథి ఆలస్యం. అంతసేపూ వాళ్లను ఎండలో వరసగా నిలబెట్టారు. తాగడానికి నీళ్లు ఎవరూ తేలేదు. ఒకాయన మాత్రం ఫోన్ పట్టుకుని, "కొంచెం ఇటు తిరగండమ్మా, నవ్వండి" అంటూ అటూ ఇటూ తిరిగాడు. నాకు చిన్నప్పటి పులి గుర్తొచ్చింది.

థింసా నలుగురికీ చూపించడం తప్పని నేననను. మన ఊళ్లో థింసా మొదలైతే చూడటానికి వచ్చినవాడు కూడా కాసేపటికి వరసలో చెయ్యి కలుపుతాడు. చూసేవాడికీ ఆడేవాడికీ మధ్య తాడు కట్టినప్పుడే సంగతి మారిపోతుంది. ఇక మీదట ఎవరైనా పిలిస్తే ముందే అడగండి. ఎంతసేపు, ఎంత ఇస్తారు, నీడ ఉందా, మా నాట్యం గురించి మమ్మల్ని మాట్లాడనిస్తారా? పులి ఈ ప్రశ్నలు అడగలేదు. మనం అడగగలం.

నాలుగో మాట మనకే నచ్చదు. ఇంటిపేరు పులి అయినంత మాత్రాన మనం పులిని కాపాడినవాళ్లం కాము.

హుకుంపేట మండలం మఠం దగ్గర మత్స్యగుండం ఉంది. అక్కడి నీళ్లలో చేపల్ని ఎవరూ పట్టరు, తినరు. శివరాత్రి జాతరకు వెళ్లినవాళ్లు తిండి వేస్తే చేపలు గుంపుగా పైకి వస్తాయి. అద్దం లేదు, తొట్టి లేదు, కాపలాదారు లేడు. చేప దేవుడిదన్న నమ్మకమే కాపలా. బీచ్ రోడ్డు మత్స్యదర్శిని కంటే ఎంతో ముందునుంచి మనకున్న మత్స్యదర్శిని అది. ఇది చెప్పుకోవడానికి గర్వంగా ఉంటుంది. చెప్పుకుందాం.

అయితే గుండంలో చేపకు దండం పెట్టిన చేత్తోనే మనం కింద గెడ్డలో బ్లీచింగ్ పౌడరు కలుపుతున్నాం. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్లు వేటకు పోతారు, ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఎగతాళి చేస్తారు. ఒకప్పుడు చేతిలో విల్లంబులు ఉండేవి, అడవిలో జంతువులూ ఉండేవి. ఇప్పుడు కరెంటు తీగలు, నాటుబాంబులు వచ్చాయి. అడవి ఖాళీ అయింది. అలుగు కోసం బయటి దళారి ఊళ్లోకి వస్తాడు. వాడిచ్చేది నాలుగు డబ్బులు. పట్టుబడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. జైలుకు పోయేది మన కుర్రాడు, దళారి కాదు. అడవి ఖాళీ కావడానికి గనులు, రోడ్లు, ఆనకట్టలు కూడా కారణమే. కాదనను. కానీ మన చేతిలో ఉన్నది మనం చేయకుండా ఎదుటివాడిని వేలెత్తి చూపితే ఎవరు వింటారు?

ఇలాగే సాగితే ఏమవుతుంది? నాకు పులి ఎలాగో, మీ పిల్లలకు కొండగొర్రె, బెట్టుడుత, అలుగు కూడా అలాగే అవుతాయి. మొదటిసారి కంచె వెనకే చూస్తారు. ఎవరో మాస్టారు "మీ బంధువురా" అంటారు. వాళ్లూ నవ్వుతారు.

అందుకని మూడు పనులు చెప్పి ముగిస్తాను. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ ఇంటిపేరు జంతువు ఏది, దాని విషయంలో మీ ఇంట్లో ఏ కట్టుబాట్లు ఉన్నాయి అని అవ్వా తాతల్ని అడిగి రాసుకోండి. మన సంఘం వాటన్నిటినీ ఒక పుస్తకంగా వేయాలి. రెండోది, వచ్చే ఇటుకల పండగకు పాటా, థింసా, బాణం అన్నీ ఉంచుదాం. బాణం మాత్రం చెట్టుకు కట్టిన గురి మీద వేద్దాం. గెలిచినవాడికి ఆడవాళ్లే బహుమతి ఇవ్వాలి. మూడోది, జూకు వెళ్లండి. పిల్లల్నీ తీసుకెళ్లండి. కానీ ఫోన్ జేబులో పెట్టి, మీ ఇంటిపేరు జంతువు ముందు పది నిమిషాలు ఊరికే నిలబడండి. అది ఏం చేస్తోందో చూడండి. దాని అడవి ఇప్పుడు ఎలా ఉందో పిల్లలు అడుగుతారు. జవాబు మీ దగ్గర ఉండాలి.

సెలవు. జై ఆదివాసీ.